గిది మన రాయే

ఆ లాంగ్ నోటుబుక్కు ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది. తొమ్మిదో పేజీ మీద అరచెయ్యంత నూనె మరక. పదేళ్ళు దాటినా ముక్కుకు దగ్గరగా పట్టుకుంటే ఆవపొడి, ఎల్లిగడ్డ వాసన సన్నగా తగులుతుంది. 2014 ఎండకాలం అవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు అది. డబ్బా మూత సరిగ్గా బిగియక ముంబయి బస్సులో కారింది. మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో నా అక్షరాలు: 'మారిషస్ – ఖర్చులు'. కింద రెండు గీతలు కూడా కొట్టాను, పిల్లల పరీక్ష పేపరు మీద కొట్టినట్టు.

మారిషస్ ఆశ నాకు ఇరవయ్యేళ్ళ వయసులో పుట్టింది. 1990 డిసెంబరులో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. నేనప్పుడు కరీంనగర్ ఎస్సారార్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. లైబ్రరీలో పేపరు తిరగేస్తుంటే ఆ వార్త కంటపడింది. పక్కన ఫోటో ఉందో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆ దేశంలో ఉగాదికి సర్కారు సెలవు ఇస్తారని మాత్రం అప్పుడే తెలిసింది. హిందూ మహాసముద్రం మధ్యన, ఆఫ్రికా పక్కన, ఉగాదికి సెలవు! తర్వాత సోషల్ టీచరునయ్యాను. మ్యాపు వేలాడదీసిన ప్రతిసారీ కట్టెపుల్ల ఆ చుక్క దగ్గర ఒక్క క్షణం ఆగేది. పిల్లలు అడిగేవాళ్ళు కాదు, నేనే చెప్పేవాణ్ణి.

2013 దసరా తర్వాత చిట్టి ఎత్తాను. అప్పటిదాకా ఆ పైసలకు ఇల్లు, బిడ్డ చదువు, ఏవేవో పేర్లు పెట్టి ఉంచాను. ఒకనాడు రాత్రి నోటుబుక్కు తెరిచి లెక్క మొదలుపెట్టాను. అవ్వ, నేను, నా భార్య, బిడ్డ, కొడుకు – ఐదుగురం. విమానం టికెట్లకే చిట్టిలో సగానికి పైగా పోతుంది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు వీసా అక్కడ దిగినంకే ఇస్తారు, రుసుము లేదు. తిరుగు టికెట్టు, దిగబోయే ఇంటి కాగితం చూపిస్తే చాలు. హోటలు లెక్క చూస్తే గుండె ఆగినంత పనయింది. అప్పుడు తెలిసింది, వంటిల్లు ఉన్న ఇళ్ళు దినాల లెక్కన కిరాయికిస్తారని. రోజుకు వాళ్ళ రూపాయల్లో 1,500, మన లెక్కలో రమారమి రెట్టింపు. వండుకొని తింటే గట్టెక్కుతాం.

ఎక్కడ ఉండాలన్నదానికి వారం రోజులు చదివాను. ఆ దీవికి ఆగ్నేయం నుంచి గాలులు వీస్తాయి. తూర్పు తీరం, నడిమి పీఠభూమి ఆ తడిని పట్టేసుకుంటాయి, పడమటి తీరానికి ఎండ మిగులుతుంది. పడమటి కనుమలకు ఇవతల మన తెలంగాణకు వాన తగ్గినట్టే. పాఠంగా ఎన్నిసార్లో చెప్పిన సంగతి మొదటిసారి నా పైసలకు పనికొచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్లు. మే అయితే చల్లబడుతుంది, వాన తక్కువ, మాకు ఎండకాలం సెలవులు. పడమట ఫ్లిక్ ఎన్ ఫ్లాక్ అనే ఊరు ఖాయం చేసుకున్నాను. ఆ పేరు మా అవ్వకు ఎన్నడూ నోరు తిరగలేదు.

నోటుబుక్కులో ఆ పేజీ ఇప్పటికీ చూడబుద్ధి కాదు. కిరాయి ఇంత, బస్సులకు ఇంత, చూసే జాగలకు టికెట్లు ఇంత. ఆ కింద 'వంట' అని రాసి ఎదురుగా సున్న చుట్టాను. గుండ్రంగా, పెద్దగా. ఇంట్లో అందరికీ చెప్పిన మాట వేరే: "అవ్వ బయట తినది గదా, అందుకే వంటిల్లున్న ఇల్లు తీసుకుంటున్న."

అవ్వ నిజంగానే బయట తినేది కాదు. ఆమె తల్లిగారిల్లు ఆదిలాబాద్ జిల్లాలో ఇంద్రవెల్లి దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు పుష్య మాసం అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు కచ్రంలో పోయేవాళ్ళం. జొన్నపిండి, పప్పు, కారం, కుండ అన్నీ బండిలోనే. మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళు తేవడానికి హస్తినమడుగు దాకా నడిచిపోయి, నడిచి వచ్చి, మర్రిచెట్ల కింద విడిది చేసేవాళ్ళు. దూరంగా మా బండి. అవ్వ చేనుగట్టు మీది నల్లరాళ్ళు మూడు తెచ్చి పొయ్యి పెట్టేది. రొట్టె కొట్టే చప్పుడు, డోలు చప్పుడు కలిసి వినబడేవి. నాకు తెలిసిన మొదటి విహారయాత్ర అదే. 1981లో ఎండకాలం సెలవులకు తాతగారి ఊరికి పంపలేదు. ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయని పెద్దవాళ్ళు గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. ఎందుకు పోవద్దో నాకెవరూ చెప్పలేదు. పోనియ్యలేదని రెండు రోజులు అన్నం మానేశాను. అంతే గుర్తుంది.

సామాన్లు కట్టడానికి మా పెద్దనాయిన కొడుకు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు దుబాయిలో పనిచేసి వచ్చినవాడు. మా దిక్కు ఇంటికొక్కరన్నా ఇట్లాంటి మనిషి ఉంటాడు. కార్టన్ మూలలకు టేపు, దాని మీద గోనెపట్టా, ఆపైన రస్సీ. మోకాలితో అదిమిపెట్టి ముడి బిగిస్తూ, "తమ్మీ, తొక్కు డబ్బకు మూడు కవర్లెయ్యి, ఒక్కదానికి ఆగది" అన్నాడు. నేను రెండే వేశాను. హెచ్.ఎం.టి. బియ్యం పది కిలోలు, కందిపప్పు, చింతపండు, కారంపొడి, జొన్నపిండి, సకినాలు, చిన్న కుక్కరు. స్ప్రింగు కాంటాకు కార్టన్ తగిలించి ముల్లు చూసేవాడు, ఒక కిలో తీసేవాడు, మళ్ళీ తగిలించేవాడు. ఏది పైన ఉండాలో, ఏది విమానంలో పగులుతుందో ఆయన చేతులకు తెలుసు. "అక్కడ బియ్యం దొరకవా?" అని బిడ్డ అడిగింది. దొరుకుతాయి. దొరుకుతాయని నాకూ తెలుసు. అయినా నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా ఉండాలనుకున్నాను.

ఏప్రిల్ 30న ఎన్నికల డ్యూటీ చేశాను. తెలంగాణ వస్తుందని తేలినంక వచ్చిన మొదటి అసెంబ్లీ ఎన్నికలు. ఎండలో వరుస కట్టిన ముసలివాళ్ళ మొఖాలు ఇంకా కండ్ల ముందున్నాయి. పది రోజులకు ముంబయి బస్సెక్కాం. కరీంనగర్ నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్. ఆగిన ప్రతిచోటా కార్టన్లు ఎక్కాయి, వాటి వెంట ఏడుపులు. భివండికి మగ్గాల పనికి పోయేవాళ్ళు, ముంబయి నుంచి మస్కట్‌కో దుబాయికో పోయేవాళ్ళు. పొద్దున ఒక దాబా దగ్గర ఆపినప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్లగాడు పక్కన నిలబడి అడిగాడు.

"అన్నా, ఏ కంపెనీ?"

"కంపెనీ గాదు తమ్మీ. ఊకెనే, చూసొద్దామని పోతున్నం."

"చూడనికా? మనమే పైసలు పెట్టుకొనా?"

అడగడంలో ఎకసెక్కం ఏమీ లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. విమానాశ్రయంలో అతను వేరే లైనులోకి పోయాడు. కార్టన్ మీద అతని పేరు మార్కరుతో పెద్దగా రాసి ఉంది. చదివాను, మరిచిపోయాను.

మారిషస్‌లో దిగినంక సంచిలో ఉన్న పచ్చి కరివేపాకు తీసి పక్కన పెట్టారు. పచ్చి ఆకు, కాయ, విత్తనం అనుమతి కాగితం లేకుండా ఆ దీవిలోకి రానియ్యరు. వాళ్ళ పంటలకు పురుగు తగలొద్దని. ఆ అధికారి మర్యాదగానే చెప్పాడు. అవ్వకు మాత్రం కరివేపాకు లేని పప్పు పప్పే కాదు. బస్సులో వస్తూ దారంతా అదే మాట.

ఇల్లు చిన్నది. రెండు గదులు, గ్యాసు పొయ్యి, వెనక నల్లరాళ్ళు పేర్చిన గోడ. వంటింట్లో ఒకటే కిటికీ. సరుగుడు చెట్ల సందులోంచి దాంట్లో సముద్రం కనిపించేది. అవ్వ అంతకుముందు సముద్రం చూడలేదు. మొదటి సాయంత్రం ఒడ్డున నిలబడి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అవతలి ఒడ్డు లేదు కొడుకా" అంది. కరీంనగర్‌లో ఆ రోజు ఎండ దంచుతూ ఉంటుంది, ఇక్కడ ఆమె శాలువా కప్పుకొని నిలబడింది.

ఇంటామె మరునాడు పొద్దున వచ్చింది. అరవై దాటిన మనిషి. గౌను వేసుకుంది, మెడలో నల్లపూసలు. ఆమె పేరు నేను రాసుకోలేదు. ఎన్నో రాసుకున్న నోటుబుక్కులో ఆ ఒక్క పేరు లేదు. ఆమెకు ఇంగ్లీషు కొంచెం, తెలుగు పది పదిహేను మాటలు. మాకు ఆమె క్రియోల్ రాదు. అవ్వ కరివేపాకు గురించి చేతులతో చెప్పింది: కాడ ఇంత, ఆకు ఇంత, నూనెలో వేస్తే చిటపట. ఇంటామె కండ్లు పెద్దవి చేసి "కారీపూలే!" అంది. గోడ అవతల వాళ్ళ పెరట్లోనే చెట్టు. గుప్పెడు రెమ్మలు తెంపి తెచ్చింది. ఆ తర్వాత అంగడిలో మాటల పండుగే. కొత్తిమీర వాళ్ళకు కోతోమిలి. మునగాకు బ్రెద్ మురూం. బీరకాయను పిపాంగాయ్ అన్నప్పుడు అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఓడల్లో వచ్చినవాళ్ళు నోట్లో పెట్టుకొని తెచ్చిన పేర్లు, ఎక్కువ అరవంలోంచి వచ్చినవి, ఫ్రెంచి నోళ్ళలో పడి నలిగి బతికి ఉన్నాయి.

ఇంటామె పూర్వులు కోరంగి రేవులో ఓడెక్కారు. అక్కడి తెలుగువాళ్ళను ఒకప్పుడు కోరంగీలనే పిలిచేవాళ్ళట. రామభజన చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. ఆమె తెలుగు ఉత్తరాంధ్రది, మా అవ్వది ఆదిలాబాదు గోండు పల్లెల నడుమ పెరిగిన తెలుగు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి సగం కూడా అందకుండా గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినాల్సింది. నేను బస్సుల వేళలు చూసుకుంటూ ఉన్నాను.

మూడో రోజు చెరుకు తోటల మధ్య బస్సులో పోతున్నాం. చేలల్లో అక్కడక్కడా నల్లరాళ్ళ కుప్పలు, గుళ్ళంత ఎత్తు. ఎవరు పేర్చారని అవ్వ అడిగింది. నాకు తెలిసిందే. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది మన దేశం నుంచి కూలి ఒప్పందాల మీద ఆ దీవికి పోయారు. చెరుకు పెట్టడానికి నేలలోని రాళ్ళన్నీ ఏరి కుప్పలు పోసింది ఎక్కువగా వాళ్ళ చేతులే. పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు దిగి ఎక్కినవి ఆప్రవాసి ఘాట్ మెట్లు. అవి చూడడానికి పోయినప్పుడు నాకు దాబా దగ్గరి పిల్లగాడే మతికొచ్చాడు. అవ్వ ఒక్కొక్క మెట్టు మీద చెయ్యి ఆనించి ఎక్కింది.

ఆ సాయంత్రమే రాయి సంగతి జరిగింది. వెనక గోడలోంచి జారిపడిన రాయొకటి అవ్వ చేతిలో ఉంది. కొబ్బరికాయకు కొంచెం చిన్నది. నల్లగా, చిన్న చిన్న బొక్కలతో. గోరుతో గీకింది, తడి చేసి చూసింది, బరువు చూసింది.

"కొడుకా, గిది మన రాయే."

"మన రాయేంది అవ్వా?"

"మా తల్లిగారి చేనుగట్టు రాయి. గిట్లనే బొక్కలుంటయి. ఎండకు గిట్లనే కాల్తది. పొయ్యికి పెడితే పగలది."

నేను సోషల్ టీచర్ని. నవ్వాను. ఇది అగ్నిపర్వతం లావా అవ్వా, సముద్రం అడుగు నుంచి లేచిన దీవి, మన ఆదిలాబాదుకూ దీనికీ వేల కిలోమీటర్ల దూరం, మన నేల ముసలిది, ఇది నిన్న మొన్న పుట్టింది అని పాఠం చెప్పాను. పిల్లల ముందే చెప్పాను. గొంతు కూడా కొంచెం పెంచాననుకుంటా. అవ్వ వాదించలేదు. "నువ్వు సదువుకున్నోనివి" అని రాయి గోడ దగ్గర పెట్టేసింది. ఆ రాయిని ఇంటికి తీసుకపోదామని ఆమెకు ఉండె. బరువు ఎక్కువవుతుందని అది కూడా నేనే వద్దన్నాను.

నాలుగో రోజో ఐదో రోజో, పప్పు తాలింపు వేస్తూ నా భార్య వెనక్కి తిరగకుండానే అంది. "మీరు రోజు సముద్రానికి పోయొస్తున్నరు. నాకు ఈ కిటికీల నుంచి గింత కనవడ్తది." బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపింది. జానెడు కూడా లేదు. కోపంగా అనలేదు, కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అంది. పొద్దున టిఫిను, మధ్యాహ్నానికి కట్టుకపోయే అన్నం, రాత్రి వంట, గిన్నెలు. కరీంనగర్‌లో అయితే గిన్నెలు తోమే మనిషి ఉండేది. ఇక్కడ ఆ పనీ ఆమెకే పడింది. నేను సున్న చుట్టిన గడి అది.

మరునాడు వంట వద్దన్నాను. బస్టాండు దగ్గర సైకిలు వెనక అద్దాల పెట్టె కట్టుకొని ఒకాయన ధాల్ పూరీ అమ్ముతున్నాడు. పలుచటి రొట్టె, లోపల పప్పుపొడి, మీద చిక్కుడుగింజల కూర, కొత్తిమీర పచ్చడి. జంటగా మడిచి కాగితంలో చుట్టి ఇస్తాడు. అవ్వకు అరటిపండ్లు కొనబోయాను. ఆమె నా చేతిలోంచి పొట్లం తీసుకొని వాసన చూసి, ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "పోలె లెక్కనే ఉన్నది. బెల్లం లేదు, అంతే." ఇంకోటి అడిగింది. ఆ దినం ఒడ్డున సరుగుడు చెట్ల కింద కూర్చొని నాలుగేసి తిన్నాం. అవ్వ బయట తినదని నేను ఆర్నెల్లుగా అందరికీ చెబుతున్న మాట ఆ కాగితం పొట్లంలోనే ముగిసిపోయింది. నా భార్య చీర కుచ్చెళ్ళు పట్టుకొని మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడింది. ఫోటో తీశాను. ఫోను తర్వాత పోయింది, ఫోటో దాంతోనే పోయింది.

షామరేల్‌లో ఏడు రంగుల మన్ను చూశాం. రాయి కుళ్ళి మన్నయి, ఇనుము ఉన్నచోట ఎరుపు, అల్యూమినియం ఉన్నచోట ఊదా నీలం. అవ్వ దాన్ని జాజు అంది. క్యూర్‌పీప్‌లో చల్లారిన అగ్నిపర్వతం నోరు చూడబోతే మబ్బు కమ్మి ఏమీ కనిపించలేదు. గంగా తలావు దగ్గర, శివరాత్రికి దీవి నలుమూలల నుంచి జనం నడిచి వచ్చి ఈ నీళ్ళు తీసుకపోతారని ఇంటామె చెబితే, అవ్వ వెంటనే "మెస్రమోళ్ళ లెక్క" అంది. 16వ తారీఖు, ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు, దుబాయి అన్న ఫోను చేశాడు. మాటలు సరిగ్గా వినబడలేదు, కరీంనగర్ రోడ్డు మీద పటాకుల చప్పుడే వినబడింది. "గెలిచినం తమ్మీ" అన్న ముక్క మాత్రం రెండుసార్లు అన్నాడు. మేం పక్కనున్న గదిలో మెల్లగా నవ్వుకున్నాం. అవతల ఎవరికీ చెప్పడానికి లేదు. ఇంటామెకు చెబితే, ఆమె ఏమర్థమైందో గాని, చక్కెర తెచ్చి అందరి నోట్లో పెట్టింది.

అవ్వ 2019లో పోయింది. నా బిడ్డ జియాలజీ పీజీలో చేరింది. సెలవులకు వచ్చినప్పుడు ఒకనాడు రాత్రి రొట్టె చేస్తూ మారిషస్ మాటొచ్చింది. పెనం మీది జొన్నరొట్టెను చిమటాతో పట్టుకొని మంట మీద మెల్లగా జరుపుతూ చెప్పింది. భూమి లోపల ఒక్కచోటనే మంట ఉంటుంది నాయినా, పైన పలక జరుగుతూ పోతుంది. 6.6 కోట్ల సంవత్సరాల కిందట మన నేల ఆ మంట మీద ఉండె. అప్పుడు పారిన లావానే దక్కను నాపలు, ఆదిలాబాద్ పడమటి దిక్కు నల్లరాయి, నల్లరేగడి. నేల ఉత్తరానికి జరిగింది. మంట అక్కడనే మండుతూ లక్షదీవుల దారి, మాల్దీవులు, ఇంకా ఎన్నో మచ్చలు పెట్టుకుంటూ పోయింది. ఎనభై తొంభై లక్షల ఏండ్ల కింద మారిషస్. ఇప్పుడు పక్కనున్న రియూనియన్ దీవి కింద ఉంది, అక్కడి కొండ ఇంకా నిప్పులు కక్కుతూనే ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పేది ఇదీ అంది.

రొట్టె మీద వరుసగా నల్ల మచ్చలు పడ్డాయి. మొదటిది అన్నిటికంటే పెద్దది.

"అంటే ఆ రెండు రాళ్ళు..."

"ఒకటే పొయ్యి నాయినా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పడానికి మనిషి లేదు. గోడ దగ్గర రాయి పెట్టేసి చెయ్యి కొంగుకు తుడుచుకుంటున్న అవ్వే కనబడింది. ఆమె ముఖం కంటే ఆ చెయ్యి ఎక్కువ గుర్తుంది, వేళ్ళ సందుల్లో నల్లటి దుమ్ము.

నోటుబుక్కు నిండా నా రాతే. ఒక్కచోట మాత్రం నా భార్య దస్తూరి ఉంది, తొమ్మిదో పేజీలో, నూనె మరక అంచున. నేను బస్సుల లెక్క రాసి లేచిపోయినంక ఎప్పుడో రాసినట్టుంది. కలం కూడా వేరే, నీలం ఇంకు. ఒకటే పద్దు.

'కరివేపాకు – ఊకెనే ఇచ్చింది.'